ఎన్ని పూసినా తగ్గని మొటిమలు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

విశాఖ మద్దిలపాలెంలో గది అద్దెకు తీసుకుని డిగ్రీ చదువుకుంటున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె కిటికీ గట్టు మీద సగం వాడి వదిలేసిన ట్యూబులు మూడు, సీసాలు రెండు ఉన్నాయి. జూన్‌లో మొదలుపెట్టిన జెల్ మంట పుట్టించిందని మానేసింది. జూలైలో స్నేహితురాలు చెప్పిన ఫేస్‌వాష్‌కు మారింది. ఆగస్టులో మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము వారంలో ముఖాన్ని తేటగా చేసింది కానీ, ఆపగానే మొటిమలు అంతకుముందు కంటే ఎక్కువగా విరుచుకుపడ్డాయి. సెలవులకు ఇంటికి వెళితే అమ్మమ్మ "ఒంట్లో వేడమ్మా, మజ్జిగ తాగు" అంటుంది. వీడియోల్లో ఒకరు పది రకాల పూతలు కావాలంటారు, మరొకరు నీళ్లు తప్ప ఏదీ వద్దంటారు. ఇంత జరిగాక ఆమె తేల్చుకున్నది ఒకటే: "నా చర్మానికి ఏదీ పడదు."

ఈ మాట అనేవారు చాలామందే ఉంటారు. అయితే ఆ కిటికీ గట్టును జాగ్రత్తగా చూస్తే, అక్కడున్న మందుల్లో చాలావాటికి తాము పనిచేస్తామో లేదో నిరూపించుకునేంత గడువే దక్కలేదని అర్థమవుతుంది. మొటిమ నడిచే కాలం వేరు, మన ఓపిక నిలిచే కాలం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న తేడాను పట్టుకుంటే మిగిలిన గందరగోళంలో చాలా భాగం దానంతటదే విడిపోతుంది.

మొటిమ పుట్టేది కనబడిన రోజున కాదు

ముఖం మీద, వీపు మీద, ఛాతీ మీద ఉండే ప్రతి సన్నని వెంట్రుక కుదురుకూ ఒక నూనెగ్రంథి అతుక్కుని ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ అనే తరహా హార్మోన్లు పెరిగినప్పుడు ఈ గ్రంథులు జిడ్డును ఎక్కువగా తయారుచేస్తాయి. అదే సమయంలో రంధ్రం గోడల నుంచి రాలిపోవలసిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని జిడ్డుతో కలిసి బిరడాలా తయారవుతాయి. కంటికి కనిపించని ఈ బిరడాయే అన్ని రకాల మొటిమలకూ మూలం. గాలి అంతగా ఆడని ఆ ఇరుకులో, మన చర్మం మీద ఎప్పుడూ ఉండే క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది. 2016 వరకు దీన్ని ప్రొపియోనిబ్యాక్టీరియం ఆక్నెస్ అనేవారు కాబట్టి పాత వ్యాసాల్లో ఆ పేరే కనిపిస్తుంది. దీనికి శరీరం స్పందించి ఎర్రదనం, వాపు, చీము తెచ్చిపెడుతుంది.

మూత పడిన బిరడా తెల్లగా కనిపిస్తే వైట్‌హెడ్ అంటారు, తెరుచుకుని నల్లబడితే బ్లాక్‌హెడ్ అంటారు. ఆ నలుపు మురికి కాదు. చర్మపు రంగుకు కారణమైన మెలనిన్ వల్లా, లోపలి పదార్థానికి గాలి తగలడం వల్లా వచ్చిన రంగు అది. అందుకే సున్నిపిండితో ఎంత గట్టిగా రుద్దినా అది పోదు సరికదా, రుద్దుడుకు పక్కనున్న చర్మం రేగుతుంది.

కనిపించని బిరడా కనిపించే మొటిమగా మారడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ రోజు అద్దంలో కొత్తగా కనిపించిన మొటిమకు పునాది పోయిన నెలలోనే పడి ఉంటుంది. నిన్న తిన్న పకోడీని, మొన్న మార్చిన దిండు గలేబును అనుమానించేటప్పుడు మనం ఈ సంగతి మరిచిపోతాం.

పన్నెండు వారాల లెక్క, ఒక ట్యూబు సాక్ష్యం

పూత మందులు చాలావరకు ఇప్పటికే ఉన్న మొటిమను మాన్పడం కంటే, తర్వాతి విడత బిరడాలు ఏర్పడకుండా చూడడంలోనే ఎక్కువ ఉపయోగపడతాయి. అందుకే చర్మవైద్యులు ఒక మందును ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడిన తర్వాతే దాని పనితీరును అంచనా వేస్తారు.

మన విద్యార్థిని జూన్ 10న అడాపలిన్ జెల్ మొదలుపెట్టిందనుకుందాం. పన్నెండు వారాలంటే 84 రోజులు కనుక తీర్పు చెప్పవలసిన తేదీ సెప్టెంబరు 2. ఆమె ఆపేసింది జూన్ 28న, అంటే పద్దెనిమిదో రోజున. ఆ పద్దెనిమిది రోజుల్లో పైకి వచ్చిన మొటిమల్లో అధిక భాగం మందు మొదలుపెట్టేనాటికే లోపల రూపుదిద్దుకుంటున్నవి. వాటి నేరాన్ని జెల్ మీద వేయడం, కొత్తగా కాపలాకు వచ్చినవాడిని పాత దొంగతనానికి పట్టుకోవడం లాంటిది.

మరి మంట సంగతి ఏమిటి? ఇక్కడ ట్యూబే సాక్ష్యం చెబుతుంది. చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు వరకు పిండిన మందు సుమారు అర గ్రాము ఉంటుంది. ముఖమంతటికీ పలుచగా రాయడానికి అందులో సగం, అంటే బఠాణీ గింజంత, పావు గ్రాము సరిపోతుంది. ఆ లెక్కన 15 గ్రాముల ట్యూబు అరవై రాత్రులు రావాలి. ఆమె పద్దెనిమిది రాత్రుల్లో సగం ట్యూబు, అంటే ఏడున్నర గ్రాములు ఖర్చు చేసింది. అంటే రోజుకు 0.4 గ్రాములకు పైగా, అవసరమైన దానికి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువే. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, త్వరగా మండుతుంది. పైగా ఈ లెక్కలోనే మరో విషయం బయటపడుతుంది: 84 రాత్రులకు 21 గ్రాములు కావాలి కనుక, ఒక ట్యూబు అయిపోయిందని మానేసేవారు కూడా గడువుకు ముందే మానేసినట్టు.

అడాపలిన్ వంటి రెటినాయిడ్లు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి మొటిమలు తాత్కాలికంగా పెరుగుతాయి. దీన్ని పర్జింగ్ అంటారు. ఈ పేరు ఇప్పుడు ప్రతి దుష్ఫలితానికీ సాకుగా మారింది కాబట్టి తేడా తెలుసుకోవడం మంచిది. మామూలుగా మొటిమలు వచ్చే చోటే మరికొన్ని వచ్చి, నెల, నెలన్నరలో తగ్గుముఖం పడితే అది పర్జింగ్ కావచ్చు. మంట, దురద, పొట్టు రాలడం, ఎన్నడూ మొటిమ రాని చోట దద్దుర్లు కనిపిస్తే ఆ పూత చర్మాన్ని గాయపరుస్తున్నట్టే.

సీసాల మీది పేర్లు ఏం చేస్తాయి?

అడాపలిన్, ట్రెటినోయిన్ రెటినాయిడ్ల కుటుంబానికి చెందినవి. ఇవి మృతకణాలు బిరడాగా మారకుండా చూస్తాయి. ఇవి గర్భిణులకు పనికిరావు. బెంజాయిల్ పెరాక్సైడ్ సూక్ష్మజీవులను చంపుతుంది, దాన్ని తట్టుకునేలా అవి మారడం కూడా జరగదు. 2.5 శాతం మందు దాదాపు 10 శాతం మందంత పని చేస్తుంది, మంట మాత్రం తక్కువ. తువ్వాళ్లకూ దిండు గలేబులకూ రంగు పోగొట్టి తెల్లమచ్చలు పెట్టడం దీని ప్రత్యేకత. ఇంట్లో ఎవరు వాడుతున్నారో బట్టలారేసే దండెమే చెబుతుంది. క్లిండామైసిన్ యాంటీబయాటిక్ కనుక ఒంటరిగా నెలల తరబడి వాడితే సూక్ష్మజీవులు దానికి అలవాటు పడతాయి. అందుకే దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో జతచేస్తారు. సాలిసిలిక్ ఆమ్లం రంధ్రాల్లోని జిడ్డును కరిగించే తేలికపాటి మందు. అజెలాయిక్ ఆమ్లం మొటిమలతో పాటు నల్లమచ్చల మీద కూడా పనిచేస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్‌నూ పూత రెటినాయిడ్లనూ గట్టిగా సిఫారసు చేసింది. సాలిసిలిక్, అజెలాయిక్ ఆమ్లాలను అంతకంటే కొంచెం బలహీనమైన సిఫారసుతో సరిపెట్టింది.

బెంజాయిల్ పెరాక్సైడ్ క్యాన్సర్ కారకమైన బెంజీన్‌గా మారుతుందన్న వార్త 2024లో చాలామందిని భయపెట్టింది. అమెరికాలోని ఒక స్వతంత్ర ప్రయోగశాల ఈ అభ్యంతరాన్ని లేవనెత్తింది. 2025 మార్చిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తాను పరీక్షించిన 95 ఉత్పత్తుల ఫలితాలను ప్రకటించింది. వాటిలో 90 శాతానికి పైగా ఉత్పత్తుల్లో బెంజీన్ అసలు లేదని, లేదా అతి స్వల్పంగా ఉందని, కొద్ది ఉత్పత్తులను మాత్రం దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారని తెలిపింది. భయం నిరాధారమైనది కాదు, అలాగని అందరూ ట్యూబులు పారేయవలసినంతదీ కాదు. వేడి తగిలితే ఈ రసాయనం విడిపోయే వేగం పెరుగుతుందన్నది మాత్రం నిజం కనుక, మే నెల ఎండలో బీచ్ రోడ్డు పక్కన నిలిపిన స్కూటర్ డిక్కీ దానికి తగిన చోటు కాదు.

ఉక్కపోత ఊళ్లో మాయిశ్చరైజర్ ఎందుకు?

విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తేమగానే ఉంటుంది. స్నానం చేసి బయటికి వచ్చేలోపే మళ్లీ చెమట పట్టే ఊళ్లో, జిడ్డోడే ముఖానికి మాయిశ్చరైజర్ రాయమంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. అది అవసరమా అన్న ప్రశ్న మీద రెండు వాదాలూ వినదగినవే. తేమ నిండిన గాలిలో చర్మం నుంచి నీరు ఆవిరయ్యే వేగం తక్కువ కాబట్టి, మందులేవీ వాడని జిడ్డు చర్మానికి ప్రత్యేకంగా మాయిశ్చరైజర్ అక్కరలేదనడంలో తప్పు లేదు. కానీ జిడ్డు వేరు, చర్మపు పైపొర దృఢత్వం వేరు. రెటినాయిడ్, బెంజాయిల్ పెరాక్సైడ్ వాడేవారిలో, ఏసీ గదిలో రోజంతా పనిచేసేవారిలో, జిడ్డు కారుతున్న చర్మమే పొట్టు రాలుతూ మండుతూ ఉండవచ్చు. అలాంటివారికి జెల్ రూపంలోని తేలికపాటి మాయిశ్చరైజరే మందును పన్నెండు వారాలు భరించే శక్తినిస్తుంది. మాయిశ్చరైజర్ మొటిమను తగ్గించదు, మొటిమ మందును మానేయకుండా చూస్తుంది.

సబ్బు విషయం కూడా ఇలాంటిదే. చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, దాని పీహెచ్ సుమారు 5. మామూలు స్నానపు సబ్బుల పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. జిడ్డు పోవాలని రోజుకు ఐదారు సార్లు సబ్బుతో కడిగితే ముఖం కిర్రుమనేంత శుభ్రమైనట్టు అనిపిస్తుంది కానీ, ఆ కిర్రు పైపొర దెబ్బతిన్న చప్పుడు.

హెల్మెట్ పట్టీ ఒరుసుకునే గడ్డం కింద, పట్టీ బిగిసే నుదుటి మీద వరుసగా వచ్చే మొటిమలు రాపిడి, చెమట, వేడి కలిసి తెచ్చేవి. గాజువాక వైపు పరిశ్రమల్లో షిఫ్టు పొడవునా హెల్మెట్ పెట్టుకుని పనిచేసేవారికీ ఇదే ఇబ్బంది. దీని మూలం ముఖానికి రాసే వాటిలో లేదు కనుక పూతలు ఎన్ని మార్చినా అక్కడి మొటిమలు పూర్తిగా లొంగవు. హెల్మెట్ లోపలి మెత్తను ఉతికినప్పుడు తేడా కనిపిస్తుంది.

సన్‌స్క్రీన్ విషయంలోనూ ట్యూబు లెక్క చాలా చెబుతుంది. సీసా మీద రాసిన రక్షణ నిజంగా దక్కాలంటే చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున, ముఖానికి సుమారు ఒక గ్రాము కావాలి. రోజుకు ఒక్కసారి రాసినా 50 గ్రాముల ట్యూబు యాభై రోజులకు మించి రాకూడదు. ఆరు నెలలు వచ్చిందని సంతోషించేవారు రాస్తున్నది పావు వంతుకు కాస్త ఎక్కువ. మొటిమ మానిన చోట మచ్చ ముదరడానికి ఎండ ఒక ముఖ్య కారణం కాబట్టి, చామనఛాయ చర్మం ఉన్నవారికి ఈ లెక్క మరీ అవసరం.

మన తొందరకు సరిపోయే క్రీము

ఇక ఆగస్టు నాటి క్రీము దగ్గరికి వద్దాం. వారంలోపే ఎర్రదనం, వాపు పోయి ముఖం తెల్లబడిందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటివి వాపును అణిచే మందులు. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి చర్మవ్యాధులకు వైద్యుల పర్యవేక్షణలో ఇవి విలువైనవే. మొమెటసోన్‌ను హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో కలిపి మంగుమచ్చలకు కొద్దికాలం వాడేందుకు తయారుచేసిన క్రీములు మన దేశంలో ఫెయిర్‌నెస్ క్రీముల్లా చలామణి అయ్యాయి. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు ఎర్రటి గీతల్లా బయటపడతాయి, కొత్తగా మొటిమలు వస్తాయి, ఆపితే మంటతో ముఖం ఎర్రబడుతుంది. ఆ మంట భరించలేక మళ్లీ అదే క్రీము రాస్తారు. ఈ స్థితికి మన చర్మవైద్యులు స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని ప్రత్యేకంగా పేరే పెట్టవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని నిర్దేశించినా, కౌంటర్ దగ్గర ఆ నియమం ఎంతవరకు నిలుస్తోందో కొనేవారికి తెలియనిది కాదు.

ఈ క్రీములు ఇంతగా అమ్ముడుపోవడానికి కారణం అజ్ఞానం ఒక్కటే అనుకోవడం అన్యాయం. పన్నెండు వారాలు ఆగమనే మందుల మధ్య వారంలో ఫలితం చూపేది ఇదొక్కటే. పై ఆదివారం పెళ్లిచూపులున్న ఇంట్లో ఏది గెలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

మొటిమలా కనిపించే మరొకటి

నుదుటి మీద, ఛాతీ మీద, వీపు మీద ఒకే పరిమాణంలో, బ్లాక్‌హెడ్లేవీ లేకుండా, ముఖ్యంగా దురదతో వచ్చే చిన్న చిన్న పొక్కులు మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఫంగస్ వెంట్రుక కుదుళ్లలో పెరిగితే ఇలా వస్తుంది. చెమట, తేమ, బిగుతు బట్టలు దీనికి అనుకూలం కనుక కోస్తా ఊళ్లలో దీన్ని మరిచిపోకూడదు. యాంటీబయాటిక్‌తో ఇది తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. ఫంగస్ మందుకు లొంగుతుంది. తలకు దట్టంగా పట్టించిన కొబ్బరినూనె నుదుటి మీదికి కారే అలవాటు మొటిమలకూ, దీనికీ కూడా మంచిది కాదు.

నిజంగా వేడి చేసిందా?

మామిడిపండు, కోడిగుడ్డు, ఆవకాయ తింటే ఒంట్లో వేడి పుట్టి మొటిమలు వస్తాయన్న నమ్మకాన్ని కొట్టిపారేయడం తేలికే కానీ, దాని వెనుక ఒక పరిశీలన ఉందని ఒప్పుకోవాలి. వేసవిలో మొటిమలు ఎక్కువయ్యే మాట చాలామంది విషయంలో నిజం. చిక్కేమిటంటే మామిడిపండూ ఉక్కపోతా ఒకే నెలలో వస్తాయి. రెండూ కలిసి వచ్చినప్పుడు పళ్లెంలో కనిపించే దానికే నింద పడుతుంది, ఒంటికి పట్టిన చెమట తప్పించుకుంటుంది.

ఆహారానికి అసలు సంబంధమే లేదని కూడా ఇప్పుడు ఎవరూ గట్టిగా అనడం లేదు. రక్తంలో చక్కెరను వేగంగా పెంచే తిండి ఇన్సులిన్‌ను పెంచి, తద్వారా జిడ్డు ఉత్పత్తిని ప్రోత్సహిస్తుందన్న వివరణకు కొన్ని చిన్న ప్రయోగాలు బలమిచ్చాయి. పాలకు, ముఖ్యంగా వెన్న తీసిన పాలకు, జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు తాగే వే ప్రొటీన్‌కు మొటిమలతో సంబంధం ఉన్నట్టు పరిశీలనలు ఉన్నాయి. అయితే ఆహార మార్పును చికిత్సగా సూచించడానికి ఉన్న ఆధారాలు చాలవని పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు తేల్చాయి. నూనె తింటే ముఖానికి నూనె పడుతుందన్న మాటకు మాత్రం శాస్త్రంలో ఆధారం కనబడదు.

ఇంటి పూతల్లో నిమ్మరసం, టూత్‌పేస్ట్ చర్మాన్ని కాల్చే గుణం ఉన్నవి. పసుపు, చందనం అంత హాని చేయవు. ఏడాదిలో ఒక్కరోజు తప్ప ఎప్పుడూ చందనం పూతలో ఉండే సింహాద్రి అప్పన్న ఊళ్లో దాని మీద మాట పడనివ్వరు కూడా. చల్లదనం నిజమే, బిరడాను కరిగించే శక్తి ఉందనడానికే రుజువు లేదు.

పూతలకు అందని మొటిమలు

లోతుగా, నొప్పితో, గడ్డల్లా వచ్చే మొటిమలు పైపూతలకు సాధారణంగా లొంగవు. గుంటలు పడే ప్రమాదం వీటితోనే ఎక్కువ కాబట్టి పన్నెండు వారాల నిరీక్షణ సూత్రం వీటికి వర్తించదు. కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలోని చర్మవ్యాధుల ఓపీలోనైనా, బయటి చర్మవైద్యుల దగ్గరైనా త్వరగా చూపించుకోవలసినవి ఇవే. ఆడవారిలో దవడ వెంట మొటిమలతో పాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కోసం పరీక్షిస్తారు. పెళ్లయితే అవే పోతాయన్న పెద్దల ఓదార్పు ఈ పరీక్షను ఏళ్ల తరబడి వాయిదా వేయిస్తుంది.

డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలను సాధారణంగా మూడు, నాలుగు నెలలకు మించనివ్వరు. ఐసోట్రెటినోయిన్ సంగతి వేరు: మొటిమకు కారణమైన అంశాలన్నిటి మీదా పనిచేసి, చాలామందిలో దీర్ఘకాలిక ఉపశమనం ఇచ్చే మందు ఇది. సంప్రదాయ లెక్క ప్రకారం కిలో బరువుకు మొత్తం 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరాలి. 50 కిలోల మనిషికి కనీసం 6,000 మిల్లీగ్రాములు, రోజుకు 20 చొప్పున 300 రోజులు. మోతాదు తగ్గించి ఎక్కువ కాలం ఇస్తే పెదవులు పగలడం వంటి బాధలు తక్కువని కొందరు వైద్యులంటారు, తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని మరికొందరంటారు. మానసిక కుంగుబాటు తెస్తుందన్న భయానికి పెద్ద అధ్యయనాల్లో స్పష్టమైన ఊతం దొరకలేదు. అయినా వాడేవారి మనఃస్థితిని గమనిస్తూ ఉండడం ఆనవాయితీ. గర్భస్థ శిశువుకు తీవ్రమైన లోపాలు తెస్తుందన్న విషయంలో మాత్రం వాదమే లేదు. వాడుతున్నప్పుడూ, ఆపిన తర్వాత కనీసం నెల వరకూ గర్భం రాకుండా చూసుకోవాలి.

మచ్చను మొటిమగా లెక్కపెట్టడం

మొటిమ మానిన చోట మిగిలే నల్లని లేదా గోధుమరంగు మరక గాయపు గుర్తు, అది చామనఛాయ చర్మంలో ఎక్కువ కాలం నిలిచి నెలల మీద మెల్లగా వెలిసిపోతుంది. గుంట అలా కాదు. అది చర్మం కింది కణజాలం పోవడం వల్ల ఏర్పడినది కనుక ఏ క్రీముతోనూ పూడదు, దానికి వేరే చికిత్సలున్నాయి. ఈ మరకలు పోవడం లేదనే చాలామంది మంచి మందును మానేస్తారు.

మన విద్యార్థిని ఆ పాత జెల్‌నే ఈసారి బఠాణీ గింజంత చొప్పున మొదలుపెట్టి, పన్నెండో వారం చివరి ఉదయాన కిటికీ వెలుతురులో అద్దం ముందు నిలబడిందనుకుందాం. చూపుకు ముఖం మీద ఇరవై మూడు ఉన్నాయి. కళ్లు మూసుకుని, కడుక్కున్న వేలితో మెల్లగా తడిమితే ఎత్తుగా తగిలినవి ఆరు.